గురుగ్రహం కక్ష్యలో అరవై నిమిషాలు: మాదాపూర్‌లో ఒక సైన్స్ ఫిక్షన్ ఎస్కేప్ రూమ్

పజిళ్లు విప్పుకుంటూ గడువులోపు ఒక గదిలోంచి బయటపడే ఆట ఎస్కేప్ రూమ్. హైదరాబాదులో ఇవి ఇప్పుడు కొత్త వింతేమీ కావు. జైలు నుంచి పారిపోవడం, పాత బంగళాలో హత్య, దయ్యాలు తిరిగే ఆసుపత్రి, బ్యాంకు దోపిడీ వంటి ఇతివృత్తాలు దాదాపు ప్రతిచోటా కనిపిస్తాయి. సైన్స్ ఫిక్షన్ పేరుతో ఉన్న గదులు కూడా కొన్ని ఉన్నాయి కానీ, వాటిలో చాలావాటికి నీలిరంగు ఎల్ఈడీ పట్టీలు, గోడకు అతికించిన వెండిరంగు షీట్లు తప్ప విజ్ఞానంతో గానీ కల్పనతో గానీ పెద్దగా సంబంధం ఉండదు. మాదాపూర్‌లో ఒక వాణిజ్య భవనం మూడో అంతస్తులో ఈమధ్య కుటుంబంతో కలిసి ఆడిన గది అలాంటిది కాదు. అందుకే దాని గురించి వివరంగా రాయాలనిపించింది.

ఆ సంస్థ పేరు మాత్రం రాయడం లేదు. గదిలోని ఒక పజిల్‌ను పూర్తిగా విప్పి చూపకుండా దాని గొప్పతనం చెప్పడం సాధ్యం కాదు. చివరి గదిలోని లోపం సంగతీ అంతే. పేరు రాస్తే వెళ్లబోయేవారి ఆట చెడుతుంది. ఆ ప్రాంతంలో ఇలాంటివి వెతికేవారు కథను బట్టి ఎలాగూ పోల్చుకుంటారు; వారు ఇక్కడితో చదవడం ఆపి, ఆడి వచ్చాక మిగిలింది చదువుకోవచ్చు.

కథ ఇది. గురుగ్రహానికి ఉపగ్రహమైన యూరోపా చుట్టూ తిరుగుతున్న ఒక పరిశోధక నౌకలో సిబ్బంది కనిపించకుండా పోయారు. నౌక క్రమంగా కక్ష్య నుంచి జారిపోతోంది. మరమ్మతు బృందంగా లోపలికి ప్రవేశించిన మనం గంటలోపు ఇంజన్లను మళ్లీ ప్రాణం పోసుకునేలా చేసి బయటపడాలి. నౌకలో మూడు భాగాలున్నాయి: ప్రవేశ ద్వారానికి ఆనుకుని ఉన్న గాలి గది, దాని వెనుక ప్రయోగశాల, చివరగా ఇంజన్ గది. వారాంతంలో తలకు వెయ్యి రూపాయల లోపే తీసుకుంటున్నారు, జీఎస్టీ అదనం. సోమవారం నుంచి గురువారం వరకు కొంత తగ్గింపు ఉంది. మేము ఐదుగురం వెళ్లాము. ఆరుగురి వరకు అనుమతిస్తారు గానీ, గాలి గది వైశాల్యాన్ని బట్టి చూస్తే నలుగురికి సుఖంగా ఉంటుంది, ఐదో మనిషి ఎవరో ఒకరి మోచేతి కింద నిలబడాల్సి వస్తుంది.

ఆటకు ముందు గేమ్ మాస్టర్ (ఆటను బయటి నుంచి నడిపించే ఉద్యోగి) చెప్పే నియమాలను చాలామంది పరధ్యానంగా వింటారు. ఇక్కడ మాత్రం ఆ అయిదారు నిమిషాలు వినదగినవి. తలుపులన్నీ విద్యుదయస్కాంతాలతో మూసుకుంటాయని, అయస్కాంతానికి కరెంటు అందుతున్నంత సేపే పట్టు ఉంటుందని, కరెంటు పోయినా, ఫైర్ అలారం మోగినా, తలుపు పక్కన ఉన్న ఆకుపచ్చ బటన్ నొక్కినా ఆ పట్టు వదిలేస్తుందని ఆ అబ్బాయి చక్కటి తెలుగులో చెప్పి, ఒకసారి బటన్ నొక్కి తలుపు తెరిచి మరీ చూపించాడు. ఇది లాంఛనం కాదు. 2019 జనవరి 4న పోలండ్‌లోని కొషాలిన్ పట్టణంలో ఒక ఎస్కేప్ రూమ్‌కు మంటలంటుకున్నప్పుడు, పుట్టినరోజు జరుపుకోవడానికి వచ్చిన ఐదుగురు పదిహేనేళ్ల బాలికలు బయటకు రాలేక పొగకు ప్రాణాలు కోల్పోయారు. అప్పటినుంచి ఎక్కడికి వెళ్లినా ఈ బటన్ ఉందో లేదో చూసుకోకుండా లోపల అడుగుపెట్టడం లేదు. ఇక్కడ మూడు భాగాల్లోనూ బటన్ ఉంది, ఇంజన్ గదిలో నిప్పును ఆర్పే సిలిండర్ ఉంది, దాన్ని నౌక సామగ్రిలా భ్రమపెట్టే రంగులు వేయకుండా ఎర్రగానే వదిలేశారు. సరైన పని చేశారు.

లోపలికి వెళ్లగానే మొదట గమనించవలసింది ఈ నౌక కొత్తది కాకపోవడం. మిలమిల మెరిసే తెల్లని గోడలకు బదులు చేతులు తగిలి తగిలి రంగు వెలిసిన పిడులు, సగం చిరిగిన హెచ్చరిక స్టిక్కర్లు, ఒక మూల నూనె మరక, ఎవరో పెన్నుతో గీసి కొట్టేసిన డ్యూటీ పట్టిక కనిపిస్తాయి. స్విచ్చులు టచ్ స్క్రీన్ మీద బొమ్మలు కావు. పాత యంత్రాల నుంచి తీసినట్టున్న బరువైన లోహపు మీటలు, వేస్తే టక్కుమని శబ్దం వస్తుంది, వేలికి ఆ దెబ్బ తెలుస్తుంది. పీడనాన్ని చూపే గుండ్రటి మీటరులో ముల్లు నిజంగానే వణుకుతూ పైకి లేస్తుంది. తొలి తలుపు తెరుచుకునే ముందు గాలి బుస్సుమని పోయే చప్పుడు, పాదాల కింద సన్నని అదురు, ఒక్కసారిగా మారే వెలుతురు కలిసి వచ్చే ఆ కొన్ని క్షణాల్లో మూడో అంతస్తులో ఉన్నామన్న సంగతి మరిచిపోతాము.

సైన్స్ ఫిక్షన్ ఇతివృత్తంతో ఎస్కేప్ రూమ్ కట్టడంలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఈ గది బాగోగులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. 2007లో జపాన్‌లోని క్యోటోలో తకావో కాటో స్క్రాప్ సంస్థ తరఫున ఈ రకం ఆటను మొదలుపెట్టారు, 2011లో బుడాపెస్ట్‌లో అట్టిలా గ్యుర్కోవిచ్ పారాపార్క్ అనే ఎస్కేప్ రూమ్‌ను తెరిచాక ఐరోపా అంతటా ఇలాంటి గదులు పుట్టుకొచ్చాయి. పాత పద్ధతి గదుల్లో ఆట అంటే ప్రధానంగా తాళాలూ అంకెలే. నాలుగు అంకెల తాళానికి తప్పు సంఖ్య పెడితే అది ఊడదు, సరైనది పెడితే ఊడుతుంది. తన పని ఫలించిందో లేదో ఆటగాడికి చేతిలోనే తెలిసిపోతుంది. అంతరిక్ష నౌకలో ఇత్తడి తాళం వేలాడదీస్తే నవ్వులపాలవుతుంది కాబట్టి, ఇలాంటి గదుల్లో తాళాల స్థానాన్ని కంటికి కనబడని సెన్సర్లు, అయస్కాంతాలు, గోడ వెనుక దాచిన చిన్న కంప్యూటర్ బోర్డులు తీసుకుంటాయి. అప్పుడు ఆటగాడు చేసిన పనిని గది గుర్తించిందా లేదా అన్నది గదే చెప్పాలి. ఒక దీపం వెలగాలి, ఒక శబ్దం రావాలి, ఏదో ఒకటి కదలాలి. గది నోరు విప్పకపోతే, సరైన సమాధానం ఇచ్చినవారికీ తప్పు ఇచ్చినవారికీ తేడా ఉండదు. మొదటి రెండు భాగాల్లో ఈ నౌక ఎంత చక్కగా బదులు పలుకుతుందో మూడో భాగంలో అంత మొండిగా మౌనం వహిస్తుంది.

గాలి గదిలో చేయవలసిన పని సులువే, దాని గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. మూడు కవాటాలను సరైన వరుసలో తిప్పాలి, ఆ వరుస గోడ మీది గొట్టాల రంగుల్లోనే ఉంది. పదేళ్ల పిల్లలు కూడా చేయగలరు. నౌక ఎలా మాట్లాడుతుందో ఆటగాళ్లకు అలవాటు చేయడమే దాని ఉద్దేశం. తప్పు కవాటం తిప్పితే మీటరు ముల్లు కిందికి పడిపోతుంది, సరైనది తిప్పితే ఒక మెట్టు ఎక్కి నిలబడుతుంది. అంతే, మాటలతో పనిలేకుండా నియమం బోధపడిపోయింది.

ప్రయోగశాలలో ఉన్న వర్ణపటాల పజిల్ కోసమే ఈ గదికి వెళ్లవచ్చు. ఒక గోడకు పేర్లు చెరిగిపోయిన ఐదు సిలిండర్లు, ఒక్కొక్కదానికి ఒక చిన్న కిటికీ, కిటికీలో నల్లని నేపథ్యం మీద రంగురంగుల నిలువు గీతలు. ఎదుటి గోడ మీద మూలకాల వర్ణపటాల పట్టిక (వర్ణపటం అంటే ఒక్కో మూలకం వెలుగులో కనిపించే దాని సొంత రంగు గీతల వరుస), దానికింద ఇత్తడి పట్టాల మీద జరిగే ఒక కొలబద్ద. చివరిసారి డ్యూటీలో ఉన్న ఇంజినీరు రాసిపెట్టిన చీటీ చదివితే, ఇంజన్ ఇంధన ట్యాంకులను ఒత్తిడితో నింపడానికి దేనితోనూ కలవని, మండని వాయువు కావాలని తెలుస్తుంది. సిలిండర్లలో హైడ్రోజన్, ఆక్సిజన్ ఉన్నట్టు గీతలను బట్టి త్వరగానే పట్టుకోవచ్చు. చిక్కంతా మిగిలినవాటిలో రెండింటి దగ్గర వస్తుంది, ఎందుకంటే రెండింటిలోనూ కొట్టొచ్చినట్టు కనిపించేది పసుపు గీతే. సోడియం ఆవిరి గీతలు 589.0, 589.6 నానోమీటర్ల (కాంతి తరంగదైర్ఘ్యానికి కొలమానం) దగ్గర జంటగా ఉంటాయి. హీలియం గీత 587.6 దగ్గర ఉంటుంది. తేడా రెండు నానోమీటర్ల లోపే. కొలబద్దతో కొలిచి తేల్చవచ్చు గానీ, చేయి ఏమాత్రం వణికినా లెక్క తప్పుతుంది, పైగా గడియారం పరుగెడుతూ ఉంటుంది.

నేనూ మా బావమరిదీ కొలబద్ద పట్టుకుని వాదించుకుంటుంటే, ఇంటర్మీడియట్ చదువుతున్న అతని కూతురు వెనుక నుంచి, "మామయ్యా, ఆ పసుపు గీతను వదిలేయండి. దానికి తోడు ఎర్ర గీత ఉందో లేదో చూడండి" అంది. పట్టికలో సోడియానికి ఆ పసుపు జంట తప్ప చెప్పుకోదగ్గ గీత లేదు. హీలియానికి 668 దగ్గర ఎర్రది, 502 దగ్గర ఆకుపచ్చది, 447 దగ్గర నీలిది ఉన్నాయి. ఇక కొలత అవసరమే లేదు. ఆ సిలిండర్ పిడి తిప్పగానే కిటికీలోని గీతలు ఒక్కొక్కటిగా ప్రకాశించి, గొట్టంలో వాయువు పారుతున్న శబ్దం తలుపు వైపు జరుగుతూ వెళ్లింది, ఆ శబ్దం ఎక్కడ ఆగిందో అక్కడే తర్వాతి పని ఉంది. కొలిచేవారికి ఒక దారి, ఆలోచించేవారికి మరొక దారి ఉంచి, రెండింటిలో దేన్ని పట్టుకున్నా సమాధానం దొరికేలా పజిల్‌ను అల్లడం అనుభవజ్ఞులు చేసే పని. ముందుగా ఏ చదువూ అవసరం లేదు. కావలసిన సమాచారమంతా ఆ గోడ మీదే ఉంది.

ఒక్క విషయంలో మాత్రం నిర్వాహకులు చేతికందిన అవకాశాన్ని వదులుకున్నారనిపించింది. హీలియం కథ మొదలైంది మన నేల మీదే. 1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరు నుంచి వర్ణపటదర్శినితో పరిశీలించారు. మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం నుంచి చూశారు. సూర్యుడి అంచున ఎగసిన జ్వాలల వెలుగులో కనిపించిన ఆ పసుపు గీతను మొదట సోడియానిదేనని అనుకున్నవారున్నారు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ గ్రహణం లేకుండానే ఆ గీతను పరిశీలించి, అది సోడియం జంటకు సరిపోలడం లేదని తేల్చారు. భూమి మీద ఆ వాయువును విలియం రామ్సే పట్టుకునేసరికి 1895 వచ్చింది. అంటే, ఈ గదిలో ఆటగాళ్లను ఇరకాటంలో పెట్టే సందేహం అప్పటి ఖగోళ శాస్త్రవేత్తలను పట్టి పీడించిన సందేహమే. హైదరాబాదులో కట్టిన నౌకలో, తప్పిపోయిన ఇంజినీరు చీటీలో గుంటూరు పేరు ఒక్క ముక్క కనిపించి ఉంటే ఎంత బాగుండేది! పజిల్ తయారుచేసినవారికి ఈ సంగతి తెలుసో లేదో అడుగుదామనుకుంటే, రూపకర్త ఆ రోజు అక్కడ లేరు.

ప్రయోగశాలలో రెండో పజిల్ జట్టును విడదీస్తుంది. గాజు పలకకు అటువైపు ఇద్దరు, ఇటువైపు మిగిలినవారు ఉండాలి. అటు ఉన్నవారికి నక్షత్రాల పటం కనిపిస్తుంది, ఇటు ఉన్నవారి చేతిలో మీటలు ఉంటాయి, మధ్యలో మాట్లాడుకోవడానికి ఒక గొట్టం. నక్షత్రమండలాల పేర్లు ఇరువైపులా వేర్వేరుగా రాసి ఉండటం వల్ల, ఆకారాన్ని మాటల్లో వర్ణించక తప్పదు. మా బావమరిది అటువైపు నుంచి "బావా, ఇది గరిటెలా ఉంది, పిడి కుడికి తిరిగింది" అని అరవడం, ఇటువైపు మా ఆవిడ "ఎవరి కుడికి, నీ కుడికా, నా కుడికా?" అని నిలదీయడం ఈ ఆటలో నవ్వుకున్న ఘట్టం. ఇలాంటి గదుల్లో సాధారణంగా ఒకరిద్దరు చురుకైనవారు ఆటంతా ఆడేసి, తక్కినవారిని ప్రేక్షకులుగా మిగులుస్తారు. ఈ పజిల్ అందరి నోటికీ పని కల్పిస్తుంది.

ఇక ఇంజన్ గది. చూడటానికి ఇదే అన్నిటికన్నా ఘనమైనది. సన్నని పొగలో ఎర్రని లేజరు కిరణాలు, మధ్యలో అల్యూమినియం రేకు తొడిగిన ఎత్తైన బల్ల, దాని మీద ఆరు గుంటలు. గదిలో అక్కడక్కడా దాచిన ఆరు స్ఫటికాలను వెతికి, లేజరు కాంతి ఏ స్ఫటికం గుండా ఏ వైపుకు వంగుతుందో గమనించి, తగిన గుంటల్లో అమర్చాలి. ఊహ బాగుంది, ఆచరణ దెబ్బతింది. స్ఫటికాన్ని గుంటలో పెట్టినప్పుడు గది ఏమీ అనదు; ఆరూ సరిగ్గా కుదిరితేనే ఇంజన్ మోగుతుంది. ఒకటి తప్పినా, ఐదు తప్పినా, ఒకటే మౌనం. మొదటి గదిలో ప్రతి కవాటానికీ బదులిచ్చిన నౌక, పని కష్టమైన చోటికి వచ్చేసరికి ఫోన్ ఎత్తి హలో అనకుండా ఊరుకున్న మనిషిలా తయారైంది.

మేము అమర్చిన వరుస సరైనదేనని తర్వాత తేలింది. ఒక గుంటలోని సెన్సర్ స్ఫటికాన్ని గుర్తించలేదు, అంతే. అది తెలియక సరిగ్గా ఉన్నదాన్ని చెదరగొట్టి, మళ్లీ మళ్లీ మార్చి చూస్తూ, చివరి నిమిషాలన్నీ అక్కడే పోగొట్టుకున్నాము. ఆఖరికి గేమ్ మాస్టర్ కెమెరాలో గమనించి, తన గదిలోంచే ఇంజన్‌ను ప్రారంభించి తలుపు తెరిచాడు. గడియారం ప్రకారం గెలిచినట్టే లెక్క. ఒకరు మీట నొక్కితే వచ్చిన గెలుపులో మాత్రం రుచి లేదు, మా జట్టులో ఎవరూ కేక కూడా వేయలేదు.

బయటకు వచ్చాక అతను దాపరికం లేకుండా కారణం చెప్పాడు. స్ఫటికాల అడుగున ఆర్ఎఫ్ఐడీ ట్యాగులు (రేడియో తరంగాలతో తమ గుర్తింపు తెలిపే చిన్న చిప్పులు), గుంటల కింద వాటిని చదివే రీడర్లు ఉన్నాయి. ఈ రకం రీడర్లు ట్యాగు కొన్ని సెంటీమీటర్ల దూరంలో ఉంటేనే చదువుతాయి, దగ్గర్లో లోహం ఉంటే ఆ దూరం ఇంకా తగ్గుతుంది. బల్ల మొదట చెక్కదేనట. ఫోటోల్లో మెరుపు రావడానికి రేకు తర్వాత తొడిగారట. అప్పటినుంచి ఒకటి రెండు గుంటలు పేచీ పెడుతున్నాయని సిబ్బందికీ తెలుసు. తెలిసీ వారాంతపు ధర వసూలు చేయడం నాకు నచ్చలేదు. ప్రతి గుంట పక్కనా ఒక చిన్న దీపం పెట్టి, స్ఫటికాన్ని చదవగానే అది వెలిగేలా చేస్తే చాలు. స్ఫటికం సరైనదా కాదా అన్నది చెప్పనక్కర లేదు, అందిందని చెబితే చాలు. అప్పుడు పజిల్ కష్టం తగ్గదు, సెన్సర్ మొండికేస్తే మాత్రం ఆటగాడికీ సిబ్బందికీ ఒకేసారి తెలిసిపోతుంది.

కథలోని విజ్ఞానం గురించి రెండు మాటలు. వర్ణపటాలను అంత నిక్కచ్చిగా చూపిన ఈ గదిలోనే, ప్రారంభంలో వినిపించే గొంతు "సిబ్బంది అదృశ్యమై మూడు కాంతి సంవత్సరాలు గడిచాయి" అనే అర్థంలో ఒక వాక్యం పలుకుతుంది. కాంతి సంవత్సరం దూరానికి కొలమానం, కాలానికి కాదు. పాఠశాల పిల్లలు కూడా పట్టుకునే తప్పు ఇది. అంతకన్నా నన్ను కలవరపెట్టింది క్లూలు ఇచ్చే పద్ధతి. అడిగిన వెంటనే తెర మీద "భూమి నియంత్రణ కేంద్రం" పేరుతో సమాధానం వస్తుంది. గురుగ్రహం భూమికి మిక్కిలి దగ్గరగా ఉన్నప్పుడు కూడా రేడియో సంకేతం ఒకవైపు ప్రయాణానికి 33 నిమిషాల దాకా తీసుకుంటుంది, దూరంగా ఉన్నప్పుడు 50 నిమిషాలు దాటుతుంది. మనం అడిగిన ప్రశ్న అక్కడికి చేరి జవాబు తిరిగి వచ్చేలోపు మన అరవై నిమిషాలూ అయిపోయి, నౌక యూరోపా మంచు మీద కూలిపోయి ఉంటుంది. క్లూలు ఇచ్చేది నౌకలోని కంప్యూటరే అని తెర మీద పేరు మారిస్తే సమస్య తీరిపోతుంది, ఖర్చు సున్నా. ఇవి చిన్న విషయాలని కొట్టిపారేయవచ్చు గానీ, తర్కంతో ఆలోచించమని అడిగే ఆటలో కథకు కూడా తర్కం ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదు.

క్లూల నాణ్యత మాత్రం బాగుంది. సమాధానాన్ని నేరుగా చెప్పకుండా, ఏ గోడ వైపు చూడాలో, ఏ కాగితాన్ని మళ్లీ చదవాలో సూచిస్తారు. అడగకపోతే జోక్యం చేసుకోరు. తెర మీది మాటలు, చీటీలు, రికార్డు చేసిన గొంతు అన్నీ ఆంగ్లంలోనే ఉన్నాయి. పొగయంత్రం హోరులో, స్పీకరులో నలిగి వచ్చే ఆ ఉచ్చారణ మా ఆవిడకే కాదు, నాకూ సగం అర్థం కాలేదు. నియమాలను తెలుగులో అంత స్పష్టంగా చెప్పగలిగిన సిబ్బంది ఉన్నప్పుడు, బుకింగ్ సమయంలో తెలుగు గొంతును ఎంచుకునే వీలు కల్పించడం పెద్ద పని కాదు. పెద్దవారిని వెంట తీసుకెళ్లేవారికి ఇది ముఖ్యమైన విషయం.

ఆటకు పనికివచ్చే సంగతులు మరికొన్ని. ప్రయోగశాలలో వెలుతురు తక్కువ, చీటీల మీది అక్షరాలు చిన్నవి, కాబట్టి చదివే కళ్లజోడు బయటి లాకరులో వదిలేయకండి. రంగులను గుర్తించడంలో ఇబ్బంది ఉన్నవారు గాలి గదిలోనూ వర్ణపటాల దగ్గరా మరొకరి సాయం తీసుకోవలసి వస్తుంది. ఆస్తమా ఉన్నవారు ముందుగా చెబితే ఇంజన్ గదిలో పొగ ఆపేస్తామన్నారు. అప్పుడు లేజరు కిరణాల దారి సరిగా కనిపించదు కాబట్టి బదులుగా చేతి టార్చి ఇస్తారు. ఒక చోట మోకాళ్ల మీద వంగి దూరవలసి ఉంటుంది, చీరతో కష్టం, పక్కనున్న మామూలు తలుపు తీయమని అడగవచ్చు. చిన్నపిల్లలకు లేజరు గదిలో వినోదం ఉంటుంది గానీ, ప్రయోగశాలలో విసుగు పుడుతుంది. ఎనిమిదో తరగతి దాటినవారికైతే ఎక్కడా విసుగు రాదు.

నన్ను అడిగితే, ఇంజన్ గది బల్లను బాగుచేశారో లేదో ఫోనులో కనుక్కుని, బాగుచేశామంటేనే పూర్తి ధర పెట్టండి. లేదంటే మంగళవారమో బుధవారమో తగ్గింపు ధరకు వెళ్లి, ప్రయోగశాల కోసం ఆడిరండి. నలుగురికన్నా తక్కువ మంది వెళితే ఆ స్లాటులో తెలియనివారిని కూడా కలుపుతారు. అది ఇష్టం లేనివారు నలుగురి ధర చెల్లించి గదిని తమకే ఉంచుకోవచ్చు. ఆ మాట వెబ్‌సైటులో ఎక్కడా లేదు, డబ్బు కట్టేముందు అడిగితేనే చెబుతారు.